జెల్ దిమ్మ కరిగిస్తే గుడ్డలో మిగిలింది

జెలటిన్ పొడిని ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. తొందరపడి వేడినీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండలు తర్వాత ఎంత కలిపినా విడవవు. బాగా నానాక సన్న సెగ మీద, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడిలో కరిగించాలి. మరిగితే పట్టు చచ్చిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. చీరాల దగ్గర వాడరేవులో పుట్టి, బాపట్లలో చదువుకుని, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి మినెసోటాలో స్థిరపడ్డాను. ఇక్కడ ఒక ఆహార పదార్థాల కంపెనీలో జెలటిన్ నాణ్యత చూస్తాను. మందుల క్యాప్సూళ్ళలోకీ, పిల్లలు నమిలే గమ్మీ మిఠాయిల్లోకీ వెళ్ళే సరుకు. 6.67 శాతం ద్రావణం కలిపి, 10 డిగ్రీల చల్లదనంలో ఒక రాత్రంతా ఉంచి, అర అంగుళం వ్యాసమున్న కడ్డీని అందులోకి 4 మిల్లీమీటర్లు దించడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో కొలుస్తాం. దాన్ని బ్లూమ్ అంటారు. ఆ పరికరాన్ని కనిపెట్టిన ఆస్కార్ బ్లూమ్ పేరే అది. ఈ పనికీ తుపాకీకీ సంబంధం ఉంటుందని నిరుడు అక్టోబరు దాకా నేను అనుకోలేదు.

మా పక్కింటాయనకు డెబ్బై ఒకటి. పన్నెండో ఏట తండ్రి వెంట అడవికి వెళ్ళిన దగ్గర్నుంచి ఏటా నవంబరులో జింకను కొడుతున్నారు. కొట్టినదాన్ని వృథా చేసే మనిషి కాదు. చర్మం ఒలవడం దగ్గర్నుంచి కీమా ఆడించడం దాకా తన గ్యారేజీలో తనే చేసుకుంటారు. ఏటా నాలుగు పొట్లాలు తెల్ల కాగితంలో చుట్టి, పైన తేదీ వేసి మా ఇంటికి తెచ్చిస్తారు. పన్నెండేళ్ళుగా తీసుకుంటున్నాం, వండుకుంటున్నాం. నిరుడు అక్టోబరులో ఒక సాయంత్రం వచ్చి, "మీరు జెలటిన్ పని చేస్తారు కదా, తూటా కాల్చి చూడటానికి దిమ్మలు పోసివ్వగలరా?" అని అడిగారు.

ఆయన బాధ ఇది. కొడుకు ఒక రాగి తూటాల పెట్టె కొనిచ్చాడు. ఈయన ఎప్పుడూ వాడేది సీసం నిండిన, పైన పల్చని రాగి తొడుగున్న, ముక్కు దగ్గర సీసం బయటికి కనపడే తూటా. రాగి గట్టిది, జంతువు ఒంట్లో విచ్చుకోదు, సూదిలా ఇటు దూరి అటు పోతుంది, పాపం ఆ జంతువు అడవిలో ఎక్కడో గంటల తరబడి కొట్టుకుని చస్తుంది, అని ఆయన భయం. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. జంతువు నొప్పి గురించి ఆలోచించి నిద్ర పట్టని వేటగాడు మంచి వేటగాడు.

నేను ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. అదే వారం మా అమ్మాయి పురిటికి ముందు కొన్నాళ్ళు ఉందామని మా ఇంటికి వచ్చింది. నాలుగో నెల. వచ్చీ రాగానే ఫ్రిజ్‌లో ఉన్న మాంసం పచ్చడి సీసా తీసింది. ఆయనిచ్చిన జింక మాంసంతోనే పెట్టాను. ముక్కలు నూనెలో వేయించి, అల్లం వెల్లుల్లి, కారం, మసాలా వేసి, చల్లారాక అరడజను నిమ్మకాయలు పిండి పెట్టిన పచ్చడి. "అమ్మా, అన్నంలోకి ఇది తప్ప ఇంకేమీ వద్దు" అంటూ వారం రోజులు తిన్నది. ఆ వారం చివర డాక్టరు దగ్గరికి వెళితే, మామూలుగా అడిగే ప్రశ్నల మధ్యలో నర్సు ఇంకొకటి అడిగింది. వేట మాంసం తింటారా, అందులో తూటా సీసం ఉండొచ్చు అని.

సరే. దిమ్మల సంగతి చెప్తాను.

తూటాల పరీక్షకు వాడే దిమ్మ ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు, పదహారంగుళాల పొడవు. ఒక్కొక్కటి తొమ్మిదిన్నర కేజీలు తూగుతుంది. అందులో పదోవంతు జెలటిన్, మిగతాదంతా నీళ్ళు. పంది చర్మం నుంచి తీసిన, 250 బ్లూమ్ రకం కావాలి. జింకను కొట్టే తూటా ఒక దిమ్మలో ఆగదు కనక ఒకదాని వెనక ఒకటి రెండేసి పెట్టాలి. రెండు తూటాలకు నాలుగు దిమ్మలు. నురగ తగ్గడానికీ, పాడవకుండా ఉండటానికీ దాల్చినచెక్క నూనె నాలుగు చుక్కలు వేస్తారు. ఆ రెండు రోజులూ మా ఇల్లంతా పండగ పూట పలావు చేసినట్టు ఘుమఘుమలాడింది. గట్టిపడ్డాక 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. దానికి ఫ్రిజ్ అక్కర్లేకపోయింది. మినెసోటాలో అక్టోబరు చివర గ్యారేజీయే చాలు.

10 శాతం, 4 డిగ్రీలు. ఈ రెండు అంకెల వెనక ఒక సర్జన్ ఉన్నాడు. మార్టిన్ ఫాక్లర్ వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆపరేషన్లు చేసినవాడు. 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సైనిక పరిశోధన సంస్థలో గాయాల మీద ఒక ప్రయోగశాల నడిపాడు. బతికున్న పంది కండలో తూటా ఎంత లోతుకు పోతుందో, ఏ పాకంలో పోసిన జెలటిన్‌లో అంతే లోతుకు పోతుందో సరిచూసి ఈ లెక్క స్థిరపరిచాడు. దిమ్మ సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ముందు ఒక చిన్న ఉక్కు గుండు కాలుస్తారు. సెకనుకు 590 అడుగుల వేగంతో కొడితే అది 8.5 సెంటీమీటర్లు దిగాలి, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. మా దిమ్మల్లో 8.8 దిగింది. బ్లూమ్ పరీక్ష చేసేదాన్ని కనక అది నాకు ఆశ్చర్యం కాదు. కానీ పక్కింటాయన నా భుజం తట్టినప్పుడు సంతోషం వేసింది.

ఆయన బంధువుల పొలంలో పాత కంకర గుంట ఉంది. దాని గట్టుకు ఆనించి బల్ల మీద దిమ్మలు పెట్టాం. 100 గజాల దూరం. రైఫిల్ .30-06. 1906లో అమెరికా సైన్యం తెచ్చిన తూటా కొలత అది, ఇవాళ్టికీ ఇక్కడ జింక వేటకు వాడేవారు ఎందరో. రెండు తూటాలూ 150 గ్రెయిన్లవే, అంటే 9.7 గ్రాములు. చిన్న ఏలక్కాయంత ఉంటుంది.

మొదట సీసం తూటా కాల్చారు. మోత వినపడగానే దిమ్మ బల్ల మీంచి పైకి లేచింది. కళ్ళారా చూశాను. తొమ్మిదిన్నర కేజీల బరువు పీట మీద పిండి ముద్దలా ఎగిరి, ఉబ్బి, మళ్ళీ కూర్చుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే లోపల దారి కనపడుతోంది. మొదటి అంగుళం, అంగుళన్నర సన్నగా ఉంది. తర్వాత ఒక్కసారిగా గుమ్మడికాయలా ఉబ్బి, నాలుగు వైపులా పగుళ్ళు తీసింది. ఆ పగుళ్ళలో బూడిద రంగు మబ్బు. తూటా రెండో దిమ్మలో మూడంగుళాలు పోయి ఆగింది. మొత్తం పందొమ్మిది. తర్వాత రాగిది. దిమ్మ అలాగే లేచింది. ఉబ్బు కాస్త సన్నం, అయినా పగుళ్ళు గట్టిగానే ఉన్నాయి. మబ్బు మాత్రం లేదు. ఇరవై ఆరంగుళాల దగ్గర తూటా దొరికింది. ముక్కు నాలుగు రేకులుగా విడిపోయి, వెనక్కి ఒంగి, మొదటి వెడల్పుకు రెండింతలై ఉంది. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు. విచ్చుకోదని భయపడిన తూటా అది.

ఆయన ప్రశ్నకు జవాబు దొరికింది. రెండూ విచ్చుకున్నాయి, రెండూ జింక గుండెనూ ఊపిరితిత్తులనూ దాటేంత లోతుకు పోయాయి. కొలత టేపు చుట్టేసి, దిమ్మల్ని గుంటలో పారేద్దామన్నారు. నేను ఇంటికి తీసుకెళ్తానన్నాను.

నాకు ఈ విషయంలో చెప్పాల్సింది అక్కడి నుంచే మొదలవుతుంది. జెల్ దిమ్మలో తూటా పరీక్ష అంటే లోకమంతా రెండే చూస్తోంది, ఎంత లోతు పోయింది, ఎంత విచ్చుకుంది. వీడియోల్లో నెమ్మదిగా తిప్పి చూపించేది ఆ ఉబ్బునే, చేతిలో పట్టుకుని మురిసేది ఆ పుట్టగొడుగు ఆకారాన్నే. కానీ దారి పొడవునా తూటా ఏం రాల్చుకుంటూ పోయిందో ఆ దిమ్మే దాచిపెట్టి ఉంచుతుంది. దాన్ని తీసి తూచేవాళ్ళు తక్కువ. తినే మాంసం గురించి మనకు కావలసిన జవాబు ఆ మూడో లెక్కలోనే ఉంది.

దిమ్మల్ని ముందు అంగుళం మందాన బిళ్ళలుగా కోశాను. సీసం తూటా దిమ్మలో మెరిసే నలుసులు దారికి మూడంగుళాల అవతల, అంటే దిమ్మ అంచు దాకా పోయి ఉన్నాయి. తర్వాత ఒక్కో తూటా జెల్ వేరువేరుగా పాత గిన్నెల్లో గోరువెచ్చగా కరిగించి, నాలుగు మడతలు వేసిన మల్లుగుడ్డలో వడగట్టాను. గిన్నెలు, గుడ్డలు, చేతి తొడుగులు మళ్ళీ వంటింటికి రానివ్వలేదు. ప్రమాదకర చెత్త తీసుకునే చోట అన్నీ అప్పజెప్పాను. ఆఫీసు ల్యాబుకు తీసుకెళ్ళే ప్రసక్తే లేదు, అక్కడ పిల్లలు తినే సరుకు ఉంటుంది. బంగారం తూచే చిన్న కాటా ఒకటి కొని ఇంట్లోనే తూచాను.

సీసం తూటా 9.7 గ్రాములు. దొరికిన ముక్క 6.2. గుడ్డలో మిగిలింది, ఆరబెట్టి తూచితే 2.8. గుడ్డలో కనపడ్డవి భూతద్దం కింద చూశాను. ఉప్మా రవ్వంత కొన్ని, అందులో పదోవంతు కొన్ని. అంచులు గరుకుగా, చిరిగిన రేకుల్లా ఉన్నాయి. కూరలో పంటికింద తగిలే సైజు కాదు. మరి ఈ లెక్కలో ఇంకా 0.7 గ్రాము తక్కువుంది. కాటా తప్పేమో అని మూడుసార్లు తూచాను. తప్పు లేదు. నాలుగు మడతల గుడ్డలోంచి కూడా నీళ్ళతో జారిపోయింది ఆ 0.7 గ్రాము.

రాగి తూటా 9.7లో 9.68 దొరికింది. గుడ్డ శుభ్రంగా ఉంది.

0.7 గ్రాము అంటే 7 లక్షల మైక్రోగ్రాములు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకు ఆహారంలో రోజుకు 8.8 మైక్రోగ్రాములు, పిల్లలకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ కొలబద్ద పెట్టుకుంది. ఆ రెండంకెల్నీ పక్కపక్కన రాసుకుని ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుండిపోయాను. న్యాయంగా చెప్పాలి కనక చెప్తున్నాను. దిమ్మలో రాలినదంతా మాంసంలోకి రాదు, గాయం చుట్టూ కండ కోసి పారేస్తారు. మాంసంలోకి వచ్చినదంతా ఒంటికి పట్టదు, లోహపు నలుసు చాలామటుకు కడుపులోంచి అలాగే బయటికి పోతుంది. అయినా సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దును ఏ వైద్యశాస్త్రమూ గీయలేదు. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే ఆందోళన అన్న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే 2012లో దాన్ని 5కీ, 2021లో 3.5కీ దించింది.

మా తాత గుర్తొచ్చాడు. విసురు వల అంచుకు సీసపు గుళ్ళు కట్టేవాడు. సీసం మెత్తన కనక, పటకారు లేనప్పుడు గుండును పళ్ళ మధ్య పెట్టి నొక్కి తాడుకు బిగించేవాడు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క గుండూ అందించేదాన్ని. ఒకోసారి నేనూ కొరికేదాన్ని. చల్లగా, కాస్త తియ్యగా ఉండేది. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలుసు. తెలిశాక కూడా ఊరుకోవడం నాకు చేతకాదు.

జెల్ దిమ్మ జింక కాదు. ఈ మాట వేటగాళ్ళు వెంటనే అంటారు, అది నిజమే. దానికి పక్కటెముక లేదు, బొచ్చు లేదు, తోలు లేదు, నెత్తురు పారదు. ఊపిరితిత్తి దూదిలాంటిది, ఉబ్బి మళ్ళీ సర్దుకుంటుంది. కాలేయం అలా సర్దుకోదు, చితుకుతుంది. దిమ్మ మాత్రం ఆ చివర్నుంచి ఈ చివరి దాకా ఒకటే పదార్థం. అందుకే దిమ్మలో ఉబ్బు ఎంత పెద్దదైతే జింక అంత తొందరగా పడిపోతుందని చెప్పే వీడియోలను నమ్మొద్దని నేనే మా పక్కింటాయనతో అన్నాను. ఇప్పుడు ఎక్కువమంది వాడే గాజులా పారదర్శకమైన కృత్రిమ జెల్ అసలు జెలటినే కాదు, నూనెతో చేసిన రబ్బరు లాంటిది. ఫ్రిజ్ అక్కర్లేదు, కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు, చూడ్డానికి బాగుంటుంది. కండతో పోల్చి కుదిర్చిన 10 శాతం జెలటిన్ లెక్కలు దానికి అలాగే వర్తించవు.

కానీ ఎముక లేకపోవడం అనే లోపం నా వాదనకు బలమే ఇస్తుంది. మెత్తని దిమ్మలోనే అంత రాలితే, భుజం ఎముకకు తగిలినప్పుడు ఇంకెంత రాలాలి? మా రాష్ట్ర సహజవనరుల శాఖ 2008లో చనిపోయిన గొర్రెల దేహాల మీదా, కొన్ని జింకల మీదా కాల్చి ఎక్స్‌రే తీసింది. త్వరగా విచ్చుకునే సీసం తూటాలు సగటున ఒక్కో దేహంలో 141 ముక్కలు వదిలాయి. అవి గాయం నుంచి సగటున 11 అంగుళాల దూరం దాకా చెదిరాయి. రాగి తూటా వదిలిన ముక్కలు సగటున రెండు. నీళ్ళతో గాయం కడిగితే పోతుందిలే అనుకుంటాం కదా. కడిగితే సీసం ఇంకా నలుదిక్కులా పాకిందని అదే అధ్యయనం తేల్చింది. మా పక్కింటాయన యాభై తొమ్మిదేళ్ళుగా గొట్టం పెట్టి శుభ్రంగా కడుగుతున్నారు. ఈ ఒక్క వాక్యం చదివి వినిపించినప్పుడు ఆయన ముఖం నేను మరిచిపోలేను.

ఆ ఏడాదే పొరుగున నార్త్ డకోటాలో విలియం కార్నాట్జర్ అనే చర్మవైద్యుడు, తనూ వేటగాడే, పేదలకు ఉచితంగా పంచే కేంద్రాల నుంచి జింక కీమా పొట్లాలు తెప్పించి స్కాన్ చేయించాడు. సగానికి పైగా పొట్లాల్లో లోహపు నలుసులు కనపడ్డాయి. దానం చేసిన మనిషి మంచి మనసుతోనే చేశాడు. తిన్నది ఆకలితో ఉన్న ఇంటి పిల్లలు. వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ రాష్ట్రంలో 738 మందికి రక్తపరీక్ష చేస్తే వేట మాంసం తినేవారిలో సీసం తిననివారికంటే సగటున 0.3 మైక్రోగ్రాము ఎక్కువుంది. ఎవరికీ 10 దాటలేదు. దీన్నే పట్టుకుని, చూశారా ఏమీ కాలేదు అన్నవాళ్ళున్నారు. పెద్దవాళ్ళకు ఏమీ కాకపోవచ్చు. కడుపులో బిడ్డకు 0.3 కూడా ఎందుకు పోయాలి, పోయకుండా ఉండే దారి దుకాణంలో అదే అరలో దొరుకుతుంటే?

ఇక మన వంట సంగతి. ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకం. స్పెయిన్‌లో రఫాయెల్ మాతెయో బృందం 2007లో కౌజుపిట్టల మాంసంలో సీసపు గుళ్ళు పెట్టి వండి చూసింది. వెనిగర్ వేసి వండినప్పుడు సీసం లోహం నుంచి మాంసంలోకి ఎక్కువగా కరిగి దిగింది. పులుపు తగిలితే సీసం కరుగుతుంది, ఇంటర్ చదివిన పిల్లలకు కూడా తెలిసిన రసాయనశాస్త్రమే. ఇక్కడివాళ్ళు జింక మాంసాన్ని వెన్నలో కాల్చుకుని తింటారు. మనం పెరుగులో రాత్రంతా నానబెడతాం, చింతపండు పులుసు పోస్తాం, నిమ్మకాయలు పిండి నెలల తరబడి సీసాలో నిల్వ పెడతాం. ఒక్కో రోజూ ఆ నిమ్మరసంలో ఆ నలుసులు ఊరుతుంటాయి. మా అమ్మాయి వారం పాటు తిన్నది ఆ పచ్చడే. రక్తపరీక్ష ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు లోపే ఉంది. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో ఏ తల్లికైనా వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష చేసేవాడు ఏ ప్రశ్న అడుగుతాడన్న దాని మీదే జవాబంతా ఆధారపడి ఉంటుందని చెప్పడానికి పాత కథ ఒకటుంది, మన దేశంతో ముడిపడినది. 1890లలో కోల్‌కతా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో, ముక్కు మీద తొడుగు కాస్త తీసేసి విచ్చుకునే తూటా తయారుచేశారు. వాయవ్య సరిహద్దులో యుద్ధాల కోసం. యూరప్‌లో గగ్గోలు పుట్టింది. అప్పుడు జర్మనీలో టూబింగెన్ సర్జన్ పాల్ ఫాన్ బ్రున్స్ విచ్చుకునే తూటాల గాయాలు ఎంత ఘోరమో కాల్చి చూపించాడు. ఆయన కాల్చింది డమ్‌డమ్ తూటా కాదు, సీసం చాలా భాగం బయటికి ఉండే వేట తూటా. బ్రిటిష్‌వాళ్ళు ఇది వేరు, అది వేరు అని మొత్తుకున్నా లాభం లేకపోయింది. 1899లో హేగ్‌లో యుద్ధంలో విచ్చుకునే తూటాలు వాడరాదని ప్రకటించారు. ఆ నిషేధం మంచిదే, నాకు అందులో రెండో మాట లేదు. కానీ ఆలోచించండి. మనిషి మీద వాడకూడదని నిషేధించిన గుణాన్నే వేటలో చట్టం తప్పనిసరి చేసింది. మినెసోటాలో జింకను విచ్చుకునే తూటాతోనే కొట్టాలి. జంతువు వెంటనే చావాలని. అది దయ. ఆ దయ కోసం తూటా విచ్చుకోవాలి, పగలాల్సిన పని లేదు. విచ్చుకోవడాన్నీ పగలడాన్నీ విడదీసి చూడకపోవడమే నూట పాతికేళ్ళ పొరపాటు.

ఆ రెంటినీ విడదీసినవాళ్ళు వేటగాళ్ళలోంచే వచ్చారు, బయటినుంచి రాలేదు. జాన్ నోస్లర్ 1946లో కెనడాలో మూస్ అనే భారీ దుప్పిని కొట్టినప్పుడు తూటాలు దాని ఒంటిమీదే చితికి లోపలికి పోలేదు. ఆ బాధతో మధ్యలో అడ్డుగోడ ఉన్న తూటా చేశాడు, ముందు భాగం పగిలినా వెనక భాగం నిలిచేలా. 1980లలో బార్న్స్ కంపెనీ నడిపిన రాండీ బ్రూక్స్ అసలు సీసమే తీసేసి, ఒకే రాగి ముద్దకు ముక్కులో గుంట పెట్టాడు. మా కంకర గుంటలో నాలుగు రేకులుగా విచ్చుకున్న ఆకారం ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

రాగికి ఇబ్బందులు లేవని అనను. ధర ఎక్కువ. సీసం కంటే తేలిక లోహం కనక అదే బరువుకు తూటా పొడవవుతుంది, కొన్ని తుపాకులకు నప్పదు. చాలా దూరం పోయి వేగం తగ్గాక సరిగ్గా విచ్చుకోకపోవచ్చు, కాబట్టి దగ్గర్నుంచే కొట్టాలి. మా పక్కింటాయన భయం పూర్తిగా గాలి మాట కాదన్నమాట. ఆ దూరం ఎంతో తేల్చడానికి జెల్ దిమ్మ మళ్ళీ పనికొస్తుంది. తక్కువ మందు పోసిన తూటాలతో వేగం తగ్గించి కాల్చి చూడొచ్చు.

మనుషుల సంగతి పక్కన పెట్టినా, అడవిలో వదిలిన పేగుల కుప్ప దగ్గరికి వచ్చేవి ఉంటాయి. అమెరికాలో 38 రాష్ట్రాల నుంచి 1,210 గద్దల్ని పరీక్షిస్తే దాదాపు సగానికి దీర్ఘకాలంగా సీసం విషం ఎక్కి ఉందని 2022లో సైన్స్ పత్రిక ప్రచురించింది. ఇక్కడ గద్ద అంటే జాతీయ పక్షి కూడా. 1982లో 22 పక్షులకు పడిపోయిన కాలిఫోర్నియా కాండర్ రాబందుల్ని బతికించడానికే కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి ఏ వేటలోనూ సీసం వాడకూడదని చట్టం అమలు చేసింది. మనకు ఈ కథ కొత్త కాదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో కంటికి కనపడకుండా ఉండి మన రాబందుల్ని తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని ఆపేశారు. ఆ తర్వాత తెలంగాణలో బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్ళు కనపడితే ఎంత సంబరపడ్డామో గుర్తుందా? మనం చూడని నలుసు ఆకాశంలో ఎగిరేదాన్ని కూల్చేస్తుంది.

ఏటా నవంబరులో ఇక్కడ జింక వేట మొదలవుతుంది. తూటాల కంపెనీలు పెట్టె మీద జెల్‌లో విచ్చుకున్న తూటా బొమ్మ వేసుకుంటాయి. ఆ బొమ్మ పక్కన దిమ్మలో ఎంత రాలిందో కూడా గ్రాముల్లో అచ్చువేయాలి. అదే దిమ్మ, అదే పరీక్ష, అదనంగా కావలసింది ఒక గిన్నె, ఒక గుడ్డ, ఒక కాటా. నేను ఇంట్లో చేసిన పని కోట్ల డాలర్ల కంపెనీకి కష్టమైతే కాదు. అలా రాసిన రోజున ఏ చట్టమూ లేకుండానే సగం మంది రాగికి మారతారని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ వేటగాడు కొట్టినదాన్ని ఇంటికి తెచ్చి మనవళ్ళకు పెడతాడు.

డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉన్న మన పిల్లలు కూడా ఇప్పుడు వేట లైసెన్సులు తీసుకుంటున్నారు. ఆఫీసు స్నేహితులు ఇచ్చే మాంసం తెచ్చుకుంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు వండి పెడుతున్నారు. ఇచ్చిన మనిషిని ఏ తూటాతో కొట్టారు అని అడగడం అమర్యాద కాదు. సీసం అని చెప్పినా, తెలియదన్నా, కీమా పొట్లం గర్భిణులూ చిన్నపిల్లలూ ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళవద్దు. గాయానికి దూరంగా ఉన్న వెనక తొడ కండ అయితే కొంత నయం. పులుపు మాత్రం వేయకండి.

నిరుడు నవంబరు రెండో శనివారం మా పక్కింటాయన కొట్టిన ఆడజింక ముప్ఫై అడుగులు కూడా పరిగెత్తలేదు. రాగి తూటా. గ్యారేజీలో కోస్తూ నన్ను పిలిచి భుజం దగ్గర గాయం చూపించారు, చూపుడువేలితో లోపలంతా తడిమి, నలుసు ఏమీ లేదు చూడండి అన్నారు. తండ్రి ఇచ్చిన పాత సీసం తూటాలు నాలుగు పెట్టెలు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. కాగితం గురి మీద కాలుస్తానన్నారు. ఆ సాయంత్రం ఎప్పట్లాగే నాలుగు పొట్లాలు తెచ్చిచ్చారు. రెండిటితో పచ్చడి పెట్టాను. ఆరు నిమ్మకాయలు పిండాను.